గుబార్ బాబావలి

రియాద్‌లో మలాజ్ వెనక సందుల్లో మనవాళ్ల ఇంట కంప్యూటర్ మొరాయిస్తే దాని వైద్యం ఒక వరసలో జరుగుతుంది. మొదట ఇంటాయన దాని నెత్తిన రెండు చరుస్తాడు. తగ్గకపోతే యూట్యూబు చూసి, సగం అర్థం చేసుకుని, మిగతా సగానికి సొంత తెలివి కలిపి ఏదో ఒకటి చేస్తాడు. అప్పటికీ తగ్గకపోతే ఆఫీసులో పక్క సీటువాణ్ణి అడుగుతాడు. ఇన్ని వైద్యాలు జరిగాక కూడా కొన ఊపిరి మిగిలి ఉంటే, అప్పుడు బాబావలికి ఫోన్ చేస్తాడు. "ఊరికే ఒకసారి చూసిపో అన్నా, నిన్నటిదాకా భేషుగ్గా పనిచేసింది" అంటాడు. నిన్నటిదాకా భేషుగ్గా పనిచేయని కంప్యూటర్‌ను బాబావలి తన పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్కదాన్ని కూడా చూడలేదు.

బాబావలిది రాయచోటి. నలభై ఏడేళ్లు, సన్నటి మనిషి, చెవులు మాత్రం కాస్త పెద్దవి. ఏజెంటు పుణ్యమా అని పైపుల పనివాడి వీసా మీద వచ్చాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఈ రోజుకూ పైపుల పనివాడే. ఈ దేశానికి వచ్చాక అతను బిగించిన కొళాయి ఒక్కటే, తన గదిలోది. అది ఇప్పటికీ కారుతోంది. పని మాత్రం ఒక సెల్లారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో దొరికింది. ఊడవడానికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూ చూసి, చూస్తూ చూస్తూ విప్పి, విప్పినవి మళ్లీ బిగించగా మిగిలిపోయిన స్క్రూలను జేబులో దాచుకుంటూ విద్య నేర్చుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించి వింటే చాలు, రోగం చెప్పగలడు. ఫ్యాను అరిగితే ఒక రొద, హార్డ్ డిస్కు పోబోతుంటే ఒక టకటక, లోపల వైరు తగులుకుంటే ఒక గీర. అన్నీ అతనికి చుట్టాల గొంతుల్లా తెలుసు.

అయితే మలాజ్‌లో అతనికి పేరు తెచ్చింది చెవులు కాదు, నోరు. కొత్తల్లో ఒక అకౌంటెంటు గారి కీబోర్డు పనిచేయడం లేదంటే వెళ్లాడు. తిరగేస్తే లోపల నుంచి చక్కెర పాకం జారింది. ఉన్న నాలుగు అరబ్బీ ముక్కలూ కూడగట్టుకుని, "షాయ్ పడింది, మీరే పోసుకున్నారు" అని విన్నవించాడు. ఆ పెద్దమనిషి చేతిలో టీ గ్లాసు పట్టుకునే, తాను జన్మలో టీ ముట్టలేదని కేకలు పెట్టాడు. మర్నాడు దుకాణం మారాడు, పోతూ పోతూ తన ఆఫీసు మొత్తాన్ని వెంటబెట్టుకుపోయాడు. అప్పుడు దుకాణం పెద్ద బాబావలిని కూచోబెట్టి హితబోధ చేశాడు. "రోగం చెప్పు. రోగం తెచ్చినవాణ్ణి మాత్రం చెప్పొద్దు. చెప్పేదానికి ఏమీ దొరక్కపోతే గుబార్ అను."

గుబార్ అంటే దుమ్ము. ఆ ఊళ్లో దానికి కొదవ లేదు. మూసిన కిటికీలోంచి వస్తుంది, కట్టిన అట్టపెట్టెలోంచి వస్తుంది, కడిగిన పళ్లెంలోంచి కూడా వస్తుంది. పైగా దానికి నోరు లేదు, వకీలు లేడు, పెళ్లాం ముందు పోయే పరువు లేదు. ఆ రోజు నుంచి బాబావలి అరబ్బుల ఇంట గుబార్ అన్నాడు, పాకిస్తానీల ఇంట ధూల్ అన్నాడు, మనవాళ్ల ఇంట దుమ్మన్నాడు. హాలులో క్రికెట్ ఆడి స్క్రీన్ పగలగొట్టినవాడి ఇంట్లో కూడా, లోపల దుమ్ము చేరి అద్దం బలహీనపడిందని చెప్పి ఒప్పించాడు. మనిషి అంటే అట్లా ఉండాలని అందరూ మెచ్చుకున్నారు. గుబార్ బాబావలి అని పేరు పెట్టి ఫోన్లలో దాచుకున్నారు. తానేదో గొప్ప మర్యాద పాటిస్తున్నానని బాబావలి కూడా నమ్మాడు.

నవంబరులో ఒక గురువారం ముస్తాక్ ఫోన్ చేశాడు.

ముస్తాక్‌ది ప్రొద్దుటూరు. ఒక కాంట్రాక్టు కంపెనీలో సీనియర్ కోఆర్డినేటర్. ఏది ఎవరితో కోఆర్డినేట్ చేస్తాడో ఆయన భార్యకు కూడా తెలియదు కానీ, మెడలో బ్యాడ్జి మాత్రం స్నానానికి తప్ప తీయడు. పాత బిల్డింగులో మూడో అంతస్తు. ఇంట్లో భార్య ఖాలిదా, విజిట్ వీసా మీద మూడు నెలల కిందట వచ్చిన తల్లి మహబూబ్బీ. "కంప్యూటర్ వింత శబ్దాలు చేస్తాంది అన్నా. దానంతట అదే ఆగి మళ్లీ స్టార్ట్ అయితాంది. నాలుగు సార్లు ఫార్మాట్ కొట్టినా. బేసికల్లీ ఇది యూజర్ ఎర్రర్, కానీ నువ్వొకసారి చూడు. జుమ్మా అయినాక రా, అన్నం తిందువు" అన్నాడు.

యూజర్ అంటే ఖాలిదా. ఊళ్లో హైస్కూల్లో ఆరేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం పడితే దరఖాస్తు పెట్టింది. నూట నలభై మందిలో ఆరుగురిని ఏరితే అందులో ఆమె పేరుంది. ఇక మిగిలింది ఆన్‌లైన్ పరీక్ష ఒక్కటే. ఇంట్లో కూచుని రాయొచ్చు, కెమెరా చూస్తుంటుంది, మధ్యలో లేస్తే పరీక్ష చెల్లదు. కంప్యూటర్ ఆగి లేచినా అంతే. మొన్న రాస్తుంటే ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర స్క్రీన్ నల్లబడి, మళ్లీ తెల్లబడి, నమస్కారం పెట్టింది. ఖాలిదా స్కూలుకు మూడు ఉత్తరాలు రాస్తే, పోనీలే అని ఇంకొక్క అవకాశం ఇచ్చారు. మంగళవారం పది గంటలకు. దాని తర్వాత ఇంకొకటి లేదని కూడా రాశారు. ముస్తాక్ దగ్గర లాప్‌టాప్ ఉంది కానీ అది ఆఫీసుది. పాలసీ ఒప్పుకోదు. అదే లాప్‌టాప్‌లో ఆయన రోజూ రాత్రి క్రికెట్ చూడటానికి పాలసీకి అభ్యంతరం లేదు.

శుక్రవారం బాబావలి వెళ్లేసరికి హాలుకూ వంటింటికీ మధ్య తెర దించి ఉంది. ప్రొద్దుటూరులో ఖాలిదా నలభై మంది పదో తరగతి కుర్రాళ్ల ముందు నిలబడి సూత్రాలు వల్లె వేయించింది. అక్కడ ఏ తెరా లేదు. ముస్తాక్‌కు సీనియర్ పదవితో పాటు ఈ తెర కూడా వచ్చింది. ఇంటికి వచ్చిన మగవాళ్లు తెర ముందున్న ఆయనతో మాట్లాడాలి. తెర వెనక మాటకు కూడా ఆయనకే జవాబు చెప్పాలి. బాబావలికి ఈ పద్ధతి బాగా అలవాటు. అతను ఎవరింటికి వెళ్లినా ఎదురుగా ఉండేది మగమనిషే.

"ఎప్పుడెప్పుడు ఆగిపోతాంది ముస్తాక్ భాయ్?" అని అడిగాడు.

"రాండమ్ అన్నా. ప్యూర్లీ రాండమ్."

"రాండమ్ కాదు" అంది తెర వెనక నుంచి ఖాలిదా. "ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడల్లా ఆగిపోతాది."

ముస్తాక్ బాబావలి వైపు చూసి, మనం మనం మగవాళ్లం అన్నట్టు నవ్వాడు. "ఫ్రిజ్ అంట అన్నా. ఇంకా నయం, వాషింగ్ మిషన్ అనలేదు."

"శబ్దం ఎప్పటినుంచి?"

"రెండూ ఒకేసారి మొదలైనాయి. ఊరి నుంచి తెచ్చినప్పటినుంచి, అంటే ఎనిమిది నెలలు."

"ఒకేసారి కాదు" అంది తెర. "ఆగిపోయేది మొదట్నుంచీ ఉండాది. శబ్దం మాత్రం మా అత్తమ్మ వచ్చినాక, రెండు నెలలుగా. అవి రెండూ వేరు వేరు. ఇంకోటి చెప్పండి ఆయనకు. ఊరి నుంచి తెచ్చిన మిక్సీ కూడా ఆ సాకెట్లో పెడితే ఇట్లే మూలిగింది. ఏసీ పక్క సాకెట్లో పెడితే బాగా తిరిగింది."

"మిక్సీ యాడ, కంప్యూటర్ యాడ" అన్నాడు ముస్తాక్. "పవర్ ఇష్యూ నేను ఫస్టే రూల్ అవుట్ చేసినా. టెస్టర్ పెట్టి చూసినా, లైటు వెలిగింది. అది సాఫ్ట్‌వేర్ అన్నా, ఈమె ఏదేదో క్లిక్ చేస్తాది."

లైటు వెలిగితే కరెంటు ఉందని తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. ఆ ముక్క బాబావలి పైకి అనలేదు. డబ్బాకు చెవి ఆనించాడు. టిక్‌టిక్‌టిక్ అని, ఆగి, మళ్లీ టిక్‌టిక్. ఇది హార్డ్ డిస్కు కాదు, ఏదో పీలిక ఫ్యాను రెక్కకు తగులుతోంది. పక్క రేకుకు స్క్రూలు కూడా లేవు. నాలుగో ఫార్మాటు నాడు విప్పిన ముస్తాక్, వాటిని ఎక్కడో భద్రంగా పెట్టి మరిచిపోయాడు. బాబావలి రేకు తీసి లోపలికి టార్చి వేశాడు.

లోపల, తీగల మధ్య, నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు వేలాడుతోంది. దారం కొస ఫ్యానును తాకుతోంది.

బాబావలి తల తిప్పాడు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని మహబూబ్బీ నిలబడి ఉంది. చూపు తాయెత్తు మీదే ఉంది. ముస్తాక్ రియాద్ వచ్చాక చాలా శుద్ధి అయ్యాడు. ఇలాంటివి ఇక్కడ ఒప్పరు, ఇవన్నీ తప్పు అని తల్లి దిగిన రోజే ఆమె మెడలోది విప్పించి సూట్‌కేసులో పెట్టించాడు. రోజూ పొద్దున్నే అదే విషయం మీద నాలుగు గ్రూపులకు మెసేజీలు కూడా పెడతాడు. ఆ ఇంట్లో ఆయన కళ్లు పడని చోటు ఏదైనా ఉందంటే, ఆయన నాలుగు సార్లు బాగుచేసిన కంప్యూటర్ లోపలే. ముసలమ్మ చోటు బాగానే వెతికింది.

బాబావలి దారం తెంపి, తాయెత్తును పిడికిట్లో మూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏముందన్నా?" అన్నాడు ముస్తాక్.

"దుమ్ము" అన్నాడు బాబావలి. శబ్దం ఆగిపోయింది.

కాసేపటికి ముస్తాక్‌కు ఆఫీసు ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లాడు. మహబూబ్బీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "నాయనా, కోడలికి పని రావల్లని కట్టినా. మా ఊరి దర్గా నుంచి తెచ్చుకున్నా. దానివల్లేనా మొన్న పరీచ్చ ఆగిపోయింది?"

"లేదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. నా మాట నమ్ము" అన్నాడు బాబావలి. ఆ రోజు అతను చెప్పిన మొదటి నిజం అదే. తాయెత్తు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొంగున కట్టుకుని లోపలికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే మూలనున్న ఫ్రిజ్ గుర్రుమంది. స్క్రీన్ నల్లబడింది.

బాబావలి నిట్టూర్చి, డబ్బాను వెనక్కి తిప్పాడు. మలాజ్ పాత ఇళ్లలో కరెంటు రెండు రకాలు. ఏసీకీ గీజరుకూ మన ఊళ్లోలాంటి రెండువందల ఇరవై వోల్టులు. మిగతా సన్నపిన్నుల సాకెట్లన్నిట్లో ఇంచుమించు దాంట్లో సగం. మన ఊరి నుంచి వచ్చే ప్రతి మిక్సీ మొదటి రోజు ఆ సాకెట్లో మూలుగుతుంది కాబట్టి, వంట చేసేవాళ్లకు ఈ సంగతి వారంలోపే తెలిసిపోతుంది. బ్యాడ్జి వేసుకునేవాళ్లకు కొంచెం ఆలస్యమవుతుంది. ముస్తాక్ కంప్యూటర్ ఆయన బావమరిది హైదరాబాద్‌లో అగ్గువ సామాను ఏరి కట్టించి పంపింది. కరెంటు దూరేచోట, ప్లగ్గు పక్కనే, ఏ కరెంటో ఎంచుకునే వేలిగోరంత ఎర్ర స్విచ్చి ఉంది. రెండువందల ముప్పై దగ్గర ఉంది. కంప్యూటర్ పెట్టిన సాకెట్ సగం కరెంటుది. సగం తిండితో ఎనిమిది నెలలు కుంటుతూ నడిచింది. అదే తీగ మీదున్న ఫ్రిజ్ ఒక గుక్క ఎక్కువ తాగినప్పుడల్లా సొమ్మసిల్లి పడిపోయింది. అంతే రోగం. నాలుగు ఫార్మాట్లలో దేనికీ ఆ స్విచ్చి కనబడలేదు.

తెర వెనక మనిషి చెప్పింది అక్షరాలా నిజం. ఫ్రిజ్జూ నిజమే, మిక్సీ నిజమే.

స్క్రూడ్రైవర్ కొసతో బాబావలి ఆ స్విచ్చిని నూటపదిహేను వైపు జరిపాడు. చిన్నగా టక్ అంది. రెప్పపాటు పని. కుష్కా, దాల్చా తిని లేచేలోపల ఫ్రిజ్ మూడు సార్లు గుర్రుమంది. కంప్యూటర్ కదల్లేదు, మెదల్లేదు.

ఇక చెప్పాల్సింది ఒక్క మాట మిగిలింది. స్విచ్చి మారింది కాబట్టి, ఈ డబ్బాను పొరపాటున కూడా ఏసీ సాకెట్లో పెట్టకూడదు. పెడితే రెట్టింపు కరెంటు తాగి పేలిపోతుంది. మాట నాలుక కొసకు వచ్చింది. కానీ అది అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే స్విచ్చి చూపాలి. స్విచ్చి చూపితే ఎనిమిది నెలలు బయటపడతాయి. తల్లి ముందు, తెర ముందు, టెస్టర్ పెట్టి రూల్ అవుట్ చేసిన మనిషికి ఆ పరాభవం చేయాలి. అదీ ఆయన అన్నం తిని, చేతులు కూడా ఆరకముందే. ఎనిమిది నెలలు ఒకే సాకెట్లో ఉన్నది ఇప్పుడెందుకు మారుతుంది లెమ్మనుకున్నాడు.

"ఏం తేలింది అన్నా, ఫైనల్‌గా?"

"దుమ్మే ముస్తాక్ భాయ్. లోపలంతా పేరుకుపోయింది. తుడిచినా. ఇంక ఆగదు."

ముస్తాక్ ముఖం వెలిగింది. తెర వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇన్నావా? దుమ్మంట. ఇంట్లో పొద్దస్తమానం ఉండేదానివి, కాస్త శుభ్రంగా పెట్టుకోవాలని తెలీదా? నా నాలుగు ఫార్మాట్లూ దండగ."

తెర వెనక గిన్నెల చప్పుడు ఆగింది.

బాబావలి చెప్పులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. దుమ్ముకు నోరు లేదనే పంతొమ్మిదేళ్లుగా దాని మీదకు తోస్తున్నాడు. ప్రతి ఇంట్లో ఆ దుమ్ము తుడిచే మనిషి ఒకరుంటారని, అతను గుమ్మం దాటగానే ఆ తిట్లు ఎవరి మీద పడతాయో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు మాత్రం ఆ ఆలోచన తగిలింది. అయినా మెట్లు దిగాడు. మర్యాదస్తుడు కదా.

మంగళవారం తొమ్మిదీ ఇరవైకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను ఖాలిదాను. ముస్తాక్ భార్యను. కంప్యూటర్ ఆన్ చేస్తే పెద్ద శబ్దం వచ్చి పొగొచ్చింది. ఇంకా నలభై నిమిషాలుండాయి. మీరు రాగలరా?"

ఆమె ఏ సాకెట్టో చెప్పకముందే బాబావలికి అర్థమైంది. రెండు సందులు పరుగెత్తాడు. మూడంతస్తుల మెట్లు ఎక్కాడు. తలుపు మహబూబ్బీ తీసింది. హాలంతా కాలిన వాసన. ఏసీ పక్క సాకెట్ నుంచి కొత్త ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి హాలు దాటి వచ్చి కంప్యూటర్ దగ్గర ఆగి ఉంది. ముస్తాక్ పొద్దున ఆఫీసుకు పోయే ముందు తగిలించి పోయాడట. శుక్రవారం నుంచి ఆలోచించి ఆలోచించి, మిక్సీ సంగతి తన సొంత ఆలోచనగా మార్చుకుని, నీ పరీక్ష కోసం గట్టి కరెంటు ఇచ్చి పోతున్నానని చెప్పి మరీ పోయాడట. ఎనిమిది నెలల్లో ఆయన భార్య మాట విన్నది అదొక్కసారే.

"దుకాణంలో ఇంకో కంప్యూటర్ ఉండాది, తెస్తా" అన్నాడు బాబావలి.

"రిజిస్టర్ చేసిన కంప్యూటర్లోనే పరీక్ష తెరుచుకుంటుంది అన్నా. మార్చుకునే గడువు ఆదివారంతో అయిపోయింది." ఖాలిదా తెర ఇవతలే నిలబడి ఉంది. తలమీద కొంగు, చేతిలో హాల్‌టికెట్టు కాగితం. ఏడవడం లేదు. గడియారం వైపు చూస్తోంది.

లోపల కరెంటు అందించే డబ్బా ఒక్కటే పోయి ఉంటే మార్చొచ్చు. బాబావలి మళ్లీ దుకాణానికి పరుగెత్తి, ఒకటి ఊడదీసి తెచ్చి, నేల మీద కూలబడి బిగించాడు. ఒక స్క్రూకు బదులు ఇంకో స్క్రూ పెట్టాడు, రెండు పెట్టనే లేదు. తొమ్మిదీ యాభై రెండుకు సన్నపిన్నుల సాకెట్లో పెట్టి బటన్ నొక్కాడు. ఫ్యాను తిరగలేదు. లైటు వెలగలేదు. టార్చి వేసి చూస్తే మదర్‌బోర్డు మీద, ప్రాసెసర్ పక్కన, రూపాయి బిళ్లంత నల్లమచ్చ.

అతను లేవలేదు. ఖాలిదాకు అర్థమైంది.

"ఎందుకు పేలింది?" అని అడిగింది. అటూ ఇటూ మధ్యవర్తి లేకుండా ఆమె అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

బాబావలి ఎర్ర స్విచ్చి చూపించాడు. మొత్తం చెప్పాడు. శుక్రవారం తాను దాన్ని జరిపింది, జరిపినట్టు చెప్పనిది, ఏసీ సాకెట్లో పెట్టకూడదని తెలిసీ నోరు మూసుకున్నది. ఆమె లెక్కల టీచరు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా చివరిదాకా విన్నది.

"అయితే నేను చెప్పిందే గదా. ఫ్రిజ్జు, మిక్సీ."

"నువ్వు చెప్పిందేనమ్మా."

"నేను చెప్పింది కరెక్టని మీకు తెలిసింది. తెలిసి దుమ్మన్నారు."

బాబావలికి సిగ్గేసింది. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. గోడ గడియారం పది దాటింది. మహబూబ్బీ మంచం అంచున కూచుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

పదీ పదికి ఖాలిదా ఫోన్ మోగింది. ముస్తాక్. ఆమె ఎత్తి, స్పీకర్ నొక్కి, నేల మీద బాబావలి ముందు పెట్టింది.

"ఏమయింది? నువ్వు లింకు ఓపెన్ చేయలేదని స్కూలు వాళ్ల నుంచి నాకు మెయిల్ వచ్చింది. మళ్లీ ఏం నొక్కినావు? నీకు ఎన్నిసార్లు చెప్పల్ల?"

బాబావలి ఫోన్ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను బాబావలిని ముస్తాక్ భాయ్. ఆమె ఏమీ నొక్కలే. ఎనిమిది నెలలుగా మీరు దాన్ని తప్పు సాకెట్లో పెట్టినారు, అందుకే ఆగిపోతా వచ్చింది. నేను దాని వెనక స్విచ్చి మార్చి మీకు చెప్పలే. ఈ పొద్దు మీరు సాకెట్ మార్చినారు, పేలిపోయింది. తప్పు మీదీ నాదీ. ఆమెది ఏమీ లేదు. ఆమె మొదట్నుంచీ సరిగ్గానే చెప్పింది."

ముస్తాక్, మీటింగ్ ఉందని, మళ్లీ చేస్తానని, ఏదో గొణిగి పెట్టేశాడు. మీటింగులు ఆయనకు అవసరమైనప్పుడల్లా ఉంటాయి.

బాబావలికి ఇంత ధైర్యంగా మాట్లాడి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. ఏదో బరువు దిగినట్టుంది. తలెత్తి ఖాలిదా వైపు చూశాడు, ఒక మంచి మాట కోసం.

ఆమె ఫోన్ తీసుకుంది. హాల్‌టికెట్టును నాలుగు మడతలు పెట్టింది.

"ఇంతే గదన్నా" అంది. "ఈ నాలుగు మాటలు శుక్రవారం నాతో అనింటే, ఇప్పుడు నేను పరీక్ష రాస్తా ఉందును."